ఉగ్గానికి బొరుగులు ఏ నీళ్లలో తడపాలి?

వానాకాలంలో తుంగభద్రకు కొత్తనీళ్లు వచ్చినప్పుడు కర్నూలు కొళాయిల్లో నీళ్ల రంగు కాస్త మారడం ఏటా ఉండేదే. పైన కర్ణాటకలో గట్టి వానలు పడితే నది ఎర్రగా పారుతుంది. ఆ నీళ్లే సుంకేసుల దాటి మన దాకా వస్తాయి. పటిక వేసి మట్టిని అడుక్కి దించి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ కలిపి ఊళ్లోకి వదులుతారు. మట్టి ఎక్కువున్న రోజుల్లో క్లోరిన్ కూడా ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి కొళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఎవరూ పట్టించుకోరు.

పోయిన శ్రావణంలో మాత్రం మా వీధి వీధంతా పట్టించుకుంది. వీధి చివర రెండిళ్లలో పిల్లలకు ఒకేసారి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పిల్లవాడికి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ సాయంత్రానికే ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలైంది: "కర్నూలు కొళాయి నీళ్లు ఎవరూ తాగొద్దు, స్నానం కూడా చేయొద్దు, పదిమందికి పంపండి." రాసిందెవరో లేదు, తేదీ లేదు, ఏ వార్డో లేదు. కానీ పిల్లలు నిజంగానే ఆస్పత్రిలో ఉన్నారు. దాన్ని ఉత్త పుకారని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అందుకే నీళ్ల మీద ఎవరికి ఏ అనుమానం వచ్చినా మా ఇంటికే వచ్చారు. ఆ వారమంతా వాళ్లు అడిగినవి, మేం చేసినవి, చివరికి దొరికినవి రాసి పెడుతున్నాను. ఏ ఊళ్లోనైనా ఇలాంటి టెన్షన్ వస్తే ఎవరికైనా పనికొస్తుందని.

మొదట వచ్చింది ఎదురింటి పిన్ని. చెంబు నిండా నీళ్లు తెచ్చి, "సూడు పాపా, పాలు కలిపినట్ల ఉండాయి. సున్నమేమన్నా కలిపినారేమో" అంది. నిజంగానే తెల్లగా ఉన్నాయి. ఆ నీళ్లను గాజు గ్లాసులో పోసి పిట్టగోడ మీద పెట్టాను. ఇద్దరం వంగి చూశాం. తెలుపు అడుగు నుంచి తేటబడుతూ పైకి జరిగింది. ఒక నిమిషంలో గ్లాసంతా తేటగా అయిపోయింది. అది సున్నమైతే అడుగున పేరుకోవాలి. ఇది పైకి పోయింది కాబట్టి గాలి. నీళ్లు ఆపినప్పుడు పైపులు ఖాళీ అవుతాయి, మళ్లీ వదిలినప్పుడు లోపలి గాలి ఒత్తిడికి నీళ్లలో కలిసిపోతుంది, కొళాయిలోంచి బయటపడగానే సన్నని బుడగలై తేలుతుంది. ఇదంతా చెప్పాక పిన్ని కాసేపు ఆలోచించి, "మరి అంత గాలి తాగితే కడుపు ఉబ్బదా?" అని అడిగింది. నిమిషం ఆగి తాగితే ఆ గాలి కూడా ఉండదని చెప్తే అప్పుడు కుదుటపడింది.

పిన్ని వాళ్లాయన, అంటే మా చిన్నాయన, పొద్దున స్నానం చేస్తూ గొంతెత్తి పద్యాలు పాడతారు. ఆ మెసేజ్ వచ్చిన మర్నాటి నుంచి పద్యం వినపడలేదు. నోట్లోకి చుక్క పోతుందేమోనని పెదాలు బిగించి, ముక్కు మూసుకుని పోసుకుంటున్నారట. ఒంటి మీద పోసుకున్నందుకు ఏమీ కాదు, మింగకుండా ఉంటే చాలు, చిన్నపిల్లలకు పోసేటప్పుడు మాత్రం జాగ్రత్త, పళ్లు తోముకున్నాక కాచిన నీళ్లతో పుక్కిలించండి అని చెప్పాను. అయినా నీళ్ల పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆయన పద్యం ఎత్తుకోలేదు.

వీధి మొదట్లో ఖాలా వాళ్లిల్లు. వాళ్ల మనవడు నాలుగో తరగతి. గాజు గిన్నెలో రెండు బంగారు చేపల్ని పెంచుకుంటున్నాడు. కొళాయి వచ్చిన పొద్దున గిన్నెలో నీళ్లు మార్చాడు. కాసేపటికే చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. గిన్నె ఎత్తుకుని ఏడుస్తూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు: "మేడమ్, చేపలే బతకలేకపోతాంటే మనమెట్ల బతుకుతాం?" వెనకే ఖాలా, ఆమె వెనకే ఇంకో నలుగురు. అందరి మొహాల్లోనూ అదే ప్రశ్న.

వాడి ప్రశ్న నాకు చాలా నచ్చింది. చేపకు నీళ్లు మొప్పల గుండా పోతాయి, క్లోరిన్ ఆ సన్నని పొరల్ని నేరుగా దెబ్బతీస్తుంది. మనిషి తాగిన నీళ్లలో క్లోరిన్ కడుపులోకి పోయి అక్కడ వేరే పదార్థాలతో కలిసి ఖర్చైపోతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల దాకా క్లోరిన్ ఉన్నా తాగడానికి ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, చేపలకు అందులో చాలా కొద్ది పాలు కూడా ప్రమాదమే. మా పెరట్లో ముందురోజు పట్టి మూత లేకుండా పెట్టిన డ్రమ్ము నీళ్లుంటే చేపల్ని అందులోకి మార్చాం. ఒక రాత్రి ఆరుబయట ఉన్న నీళ్లలో క్లోరిన్ చాలావరకు పోతుంది. చేపలు తేరుకున్నాయి. ఖాలా అప్పటికప్పుడు ఒక నిర్ణయానికి వచ్చేసింది: "ఇకమీదట వీటిగ్గూడా కాచి చల్లార్చిన నీళ్లే." కాచితే నీళ్లలో కలిసి ఉండే గాలి పోతుంది, చేపలకు ఊపిరాడదు, ఆ పని మాత్రం చేయొద్దని ఆపాను.

ఆ చేపల వల్ల ఒక సంగతి తెలిసింది. ఖాలా వాళ్లింటి కొళాయి దాకా క్లోరిన్ గట్టిగానే వస్తోంది. అది మంచి వార్త. కానీ జబ్బు పడిన పిల్లలు వీధికి అటు చివర ఉన్నారు. ఈ రెండూ మనసులో పక్కపక్కనే పెట్టుకుని తిరిగాను.

వీధి మలుపులో ఒక అక్క తోపుడుబండి మీద టిఫిన్లు అమ్ముతుంది. పొద్దున ఉగ్గాని, బజ్జి. ఆమె భయం అందరికంటే పెద్దది, దాంతో ఆమె పొట్ట గడవాలి కాబట్టి. ఉగ్గాని గురించి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: బొరుగుల్ని నీళ్లలో ముంచి, మెత్తబడగానే గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసిన తాళింపులో కలిపి, పుట్నాల పొడి చల్లుతారు. బొరుగులు బాణలిలో ఉండేది కాసేపే. ఉడకడం అంటూ ఉండదు. రోజూ తినేవాళ్లు ఆ వారం బండి దగ్గరికొచ్చి, "అక్కా, బొరుగులు ఏ నీళ్లలో తడిపినావు?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకాయన బజ్జీలు మాత్రం చాలన్నాడు, మరిగే నూనెలో వేగినవి కదా అని. ఇంకొకాయన బొరుగులు తడపకుండానే తాళింపు వేసివ్వమన్నాడు. అక్క అలాగే వేసిచ్చింది, ఆయన నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టి మళ్లీ తడిపిందే పెట్టించుకున్నాడు.

ఆమె మా ఇంటికొచ్చి అడిగిన మాట ఇది: "మేడమ్, క్యాన్ నీళ్లలో తడిపితే నాకు మిగిలేదేమీ ఉండదు. కొళాయి నీళ్లలో తడిపితే పిల్లోళ్ల పాపం నాకొద్దు. ఏం చేయాల?"

ఇంత సూటిగా, ఇంత బాధ్యతగా అడిగినవాళ్లు ఆ వారంలో ఇంకొకరు లేరు. ఇద్దరం కూర్చుని బండి మీద నీళ్లు ఎక్కడెక్కడ వాడుతుందో ఒక్కొక్కటే చెప్పుకున్నాం. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, దిగుల్లేదు. బజ్జి సరే. ఉగ్గాని సగం సగం. అసలు భయపడాల్సింది వేరుశనగ చట్నీకి. పచ్చి నీళ్లు పోసి రుబ్బుతారు, మళ్లీ పొయ్యి ఎక్కించరు, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా బండి మీద ఎండలో ఉంటుంది. ఆ తర్వాత తాగే నీళ్ల బిందె. అందరూ అదే గ్లాసు ముంచి తాగుతారు. ఆ తర్వాత ప్లేట్లు కడిగే బకెట్టు. జనం ఉగ్గాని గురించి అడుగుతున్నారు కానీ చట్నీ గురించి ఒక్కరూ అడగలేదని అక్కే గమనించి చెప్పింది. రాత్రి పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లేదాకా కాచి, మూతపెట్టి చల్లారనిచ్చి, పొద్దున బొరుగులకూ చట్నీకీ అవే వాడడం, తాగే నీళ్లకు కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ము పెట్టడం, ఇవి ఆమె అక్కడికక్కడే ఒప్పుకుంది. చట్నీ కొంచెం కొంచెంగా రుబ్బుకుంటానంది. బండికి ఒక అట్టముక్క కట్టించింది: "కాచిన నీళ్లు". గిరాకీ తిరిగొచ్చింది.

మా అవ్వకు వేరే దిగులు. వరలక్ష్మీవ్రతం దగ్గరికొచ్చింది, కలశంలో ఏ నీళ్లు పోయాలి, గుళ్లో తీర్థం తీసుకోవాలా వద్దా అని. కాచిన నీళ్లు మడికి పనికొస్తాయో లేదో అని పూజారిగారినే పోయి అడిగింది. మడి గిన్నెలో కాస్తే మడి నీళ్లే, తీర్థానికి నేను కూడా అట్లే చేస్తున్నానని ఆయన చెప్పేసరికి అవ్వకు ప్రాణం లేచొచ్చింది. అవ్వకు నీళ్ల భయం ఊరికే రాలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చిన వరదను ఆమె కళ్లారా చూసింది. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు, సంపులన్నీ బురదతో నిండిపోయాయి. అప్పటి నుంచి ఇంట్లో రెండు బిందెలు ఎప్పుడూ నింపి మూతపెట్టి ఉంచుతుంది. ఆ అలవాటు మాకు ఆ వారం బాగా అక్కరకొచ్చింది.

నీళ్లు కాచడం మొదలుపెట్టాక ఇంకో భయం పుట్టింది. గిన్నె అడుగున తెల్లని పొర పేరుకుంటోంది. "కాచేకొద్దీ విషం బయటికొస్తాంది" అని ఒకామె కాచడమే మానేసింది. నాకు నిజంగా కంగారు పుట్టించింది ఇదే, ఎందుకంటే చేయాల్సిన పనిని భయం ఆపేసింది. ఆ గిన్నె తెప్పించి, పొర మీద నిమ్మకాయ పిండాను. బుసబుస పొంగి పొర కరిగిపోయింది. అది కాల్షియం కార్బొనేట్, మామూలు సున్నపు ఉప్పు, నీళ్లు వేడెక్కితే కరిగి ఉన్నది విడిపోతుంది. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే తెర్లనిస్తే రోగాలు తెచ్చే క్రిములు చచ్చిపోతాయి. చల్లారాక మాత్రం అదే గిన్నెలో మూతపెట్టి ఉంచాలి. కాచిన నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి చెయ్యి పెట్టి గ్లాసు ముంచితే మళ్లీ మొదటికే వస్తుంది.

గ్యాసు ఎక్కువ అవుతుందని అన్నవాళ్లకు క్లోరిన్ మాత్రలు చెప్పాను. 0.5 గ్రాముల మాత్ర 20 లీటర్లకు సరిపోతుంది, రకరకాల సైజుల్లో వస్తాయి కాబట్టి ప్యాకెట్టు మీద రాసిందే లెక్క. వేసి అరగంట ఆగాలి. నీళ్లు మట్టిగా ఉంటే ముందు పటికతో తేర్చి, గుడ్డలో వడకట్టి, ఆ తర్వాతే మాత్ర. పటిక మట్టిని దించుతుంది కానీ క్రిముల్ని చంపదు. చాలామంది పటిక తిప్పి నీళ్లు తేటగా కనపడగానే తాగేస్తారు.

ఆ వారంలోనే ఒకాయన టీడీఎస్ మీటరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఆర్వో మిషన్లు అమ్మే మనిషి. కొళాయి నీళ్లలో పెడితే పెద్ద అంకె, తన దగ్గరున్న నీళ్లలో పెడితే చిన్న అంకె. అందరూ గుండెలు పట్టుకున్నారు. ఆ మీటరు చూపించేది నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో అంతవరకే. తాగునీటికి మన దేశ ప్రమాణం, ఐఎస్ 10500, లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిదంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. మురుగు కలిసిన నీళ్లలో కూడా ఆ అంకె తక్కువే ఉండొచ్చు. క్రిమి ఆ మీటరుకు కనపడదు. ఇది ఎంత చెప్పినా కొందరు మిషన్లు కొన్నారు. పిల్లలున్న ఇళ్లు, వాళ్ల భయం నాకర్థమైంది.

జనం రంగుకు భయపడ్డారు, వాసనకు భయపడ్డారు, తెల్లపొరకు భయపడ్డారు. ఇవన్నీ కళ్లకు కనపడేవి, ముక్కుకు తగిలేవి. 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారంతో ప్రాణాలు పోయినప్పుడు పేపర్లో చదివిన దగ్గర్నుంచి నాకు భయం వేసేది తేటగా ఉండి, ఏ వాసనా లేని నీళ్లకు. బ్లీచింగ్ వాసన వచ్చే నీళ్లకు కాదు.

వార్డు సచివాలయంలో చెప్పగానే ఒక అబ్బాయి చిన్న ప్లాస్టిక్ పెట్టె పట్టుకుని వచ్చాడు. క్లోరోస్కోప్ అంటారు. అందులో సన్నని గొట్టం, ఒక మందు సీసా, పక్కన లేత పసుపు నుంచి ముదురు పసుపు దాకా రంగుల గుర్తులు. గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి మందు చుక్కలు వేసి తిప్పితే క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు రంగు ముదురుతుంది. ఖాలా వాళ్లింటి కొళాయి దగ్గర పట్టాం. చక్కని పసుపు. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, అంతకంటే బాగానే ఉంది. వీధి మధ్యలో పట్టాం, పసుపు పలచబడింది. చివరింట్లో, పిల్లవాడు ఆస్పత్రిలో ఉన్న ఇంట్లో పట్టి, చుక్కలు వేసి, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. రంగు లేదు. ఇంకో రెండు చుక్కలు వేశాడు. అయినా లేదు. ఆ ఇంటి అవ్వ సంతోషంగా, "మా నీళ్లకు మందు వాసనే రాదు నాయనా, మంచి నీళ్లు" అంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు జలదరించింది.

క్లోరిన్ మురికిని తాకితే దాని మీద ఖర్చైపోతుంది. అదే పైపు, అదే నీళ్లు, ఇక్కడ ఉన్నది అక్కడ లేదంటే మధ్యలో ఏదో దాన్ని తినేస్తోంది. పాత ఇనుప పైపుల తుప్పు కూడా కొంత తినగలదు కాబట్టి ఇంతటితో తేల్చేయకూడదు. క్రిముల పరీక్ష చేయించాల్సిందే.

నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ముందు ఒక సీసా ఇచ్చారు, ఆ సీసా గురించే చాలాసేపు చెప్పారు. బాగా వేడిలో శుద్ధి చేసిన గాజు సీసా, మూతకు కాగితం చుట్టి దారం కట్టి ఉంది. అడుగున పొడిలా కనపడేది సోడియం థయోసల్ఫేట్. నీళ్లలో ఉన్న క్లోరిన్‌ను వెంటనే విరిచేస్తుంది. లేకపోతే ల్యాబుకు పోయే దారిలోనే క్లోరిన్ క్రిముల్ని చంపేసి, కొళాయి దగ్గర ఉన్న సంగతి తేలకుండా పోతుంది. సీసా శుభ్రంగా లేదనుకుని కడిగామా, ఆ పరీక్ష చెడినట్టే.

చివరింటి ఇత్తడి కొళాయి మూతికి గుడ్డ కట్టి ఉంది. మన ఇళ్లలో చాలాచోట్ల కడతారు, మట్టి ఆగుతుందని. విప్పితే లోపలివైపు నల్లగా, జిగురుగా ఉంది. ఆ ఇంటి కోడలు చూసి ముక్కు మూసుకుని దాన్ని ఆ క్షణమే బయట పారేసింది. కొళాయి తిప్పి రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేశాం. కట్టేసి, స్పిరిట్‌లో తడిపిన దూదిని పటకారుతో పట్టుకుని అంటించి, మూతి చుట్టూ మంట తగిలేలా తిప్పాను. ప్లాస్టిక్ కొళాయి అయితే స్పిరిట్‌తో తుడిస్తే చాలు. పిల్లలు గుంపుగా చేరారు, కొళాయికి హారతి ఇస్తున్నారని ఒకడన్నాడు. మళ్లీ నీళ్లు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టుకుని, సీసా పైన కాస్త ఖాళీ ఉంచి నింపి బిగించాను. అదే ఇంట్లో సంపు నీళ్లు ఒక సీసాలో, వాళ్లు కొత్తగా కొంటున్న క్యాన్ నీళ్లు ఇంకో సీసాలో పట్టాం. ఐసు పెట్టిన డబ్బాలో పెట్టుకుని ఆటోలో బయల్దేరాను. ఆరు గంటల లోపు ఇస్తే మంచిది, 24 గంటలు దాటితే ఇక చెప్పడానికి లేదు.

క్రిముల్ని పెంచి చూసే పరీక్ష కాబట్టి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ అందరం కాచిన నీళ్లే తాగాం. పిల్లల ఇళ్లకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్లి ఇచ్చాను. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు టీ చెంచాలే, అంచు దాటకుండా సమంగా. విరేచనాలైతే నీళ్లు మాన్పించాలని అనుకునే ఇల్లు ఇంకా ఒకటి ఉంది మా వీధిలో. ఆ ఇంటి పెద్దాయనతో గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. బిడ్డ చచ్చిపోయేది క్రిమి వల్ల కంటే ఒంట్లో నీళ్లు ఆరిపోవడం వల్లనే.

కాగితం వచ్చింది. తాగే నీళ్లు 100 మిల్లీలీటర్లు తీసుకుంటే ఈ.కోలి అనే పేగుల్లో ఉండే క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు. కొళాయి నీళ్లలో ఉంది. సంపులో ఇంకా ఎక్కువ. ఈ.కోలి ఉందంటే మనుషుల మలమో పశువుల మలమో ఎక్కడో కలుస్తోందని అర్థం. క్యాన్ నీళ్లలో ఈ.కోలి లేదు కానీ కోలిఫామ్‌లు, అంటే ఈ.కోలి కూడా చేరే పెద్ద గుంపులోని వేరే క్రిములు, ఉన్నాయి. డబ్బులు పోసి కొన్న నీళ్లు కూడా కాచుకునే తాగాలని ఆ ఇంటివాళ్లకు చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఫిట్టర్ అన్న వచ్చి మురుగుకాలువ మీది బండలు లేపాడు. వీధి మధ్య దాటాక, ఇళ్లకు పోయే సన్న ఇనుప పైపులు కాలువకు అడ్డంగా, మురుగులో మునిగే పోతున్నాయి. ఎప్పుడో పెద్దల కాలంలో వేయించుకున్నవి. ఒక పైపును అన్న గోరుతో గీకితే తుప్పు పెచ్చు ఊడి, కింద పెన్సిల్ మొనంత బెజ్జం కనపడింది. నీళ్లు వస్తున్నంతసేపూ అందులోంచి సన్నగా బయటికి చిమ్ముతోంది. "ఇప్పుడు బయటికి పోతాండాది, నీళ్లు ఆపినాక సూడండి మేడమ్" అన్నాడు. ఆపాక చూశాం. బెజ్జం దగ్గర మురుగు చిన్న సుడి తిరిగి లోపలికి పోయింది.

మనకు నీళ్లు ఇరవై నాలుగ్గంటలూ రావు. ఆపిన ప్రతిసారీ పైపులో ఒత్తిడి పడిపోతుంది, చుట్టూ ఏముంటే అది లోపలికి పోతుంది. మళ్లీ వదిలినప్పుడు ముందుగా వచ్చేది ఆ నీళ్లే. ఇది చాలనట్టు కొళాయికే మోటార్లు బిగించిన ఇళ్లున్నాయి. వాళ్లు మోటారు వేస్తే నీళ్లు వస్తున్న వేళలో కూడా పైపులోంచి లాగుతుంది, ఎక్కడ బెజ్జముంటే అక్కడి నుంచి మురుగునూ లాగుతుంది. ఒక ఇంటి మోటారు ఆ ఇంటి బిందె నింపుతుంది, పక్కింటి పిల్లల్ని ఆస్పత్రికి పంపుతుంది. ఇది అందరి ముందూ నిలబడి చెప్పాను. కొందరికి కోపమొచ్చింది. రానీ.

బెజ్జం పడిన పైపు ఆ రోజే మార్చారు, కొత్తది కాలువ పైనుంచి తీసుకెళ్లారు. సంపులు ఖాళీ చేసి, గోడలు రుద్ది, బ్లీచింగ్ ద్రావకంతో కడిగి, మొదట నింపిన నీళ్లు పారబోశాం. తర్వాత నింపిన నీళ్లకు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు లెక్కన ముందు చిన్న బకెట్టులో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రమే సంపులో పోసి గంట ఆగాం. పౌడరు మూత తీసి ఉంచిన సంచిలోది అయితే పస ఉండదు, సీలు వేసిన ప్యాకెట్టు తెప్పించాం. కొళాయి వచ్చినప్పుడు మొదటి పది నిమిషాల నీళ్లు మొక్కలకో, వాకిలి కడగడానికో వాడుకుని ఆ తర్వాత తాగడానికి పట్టుకోవాలని మాట అనుకున్నాం.

మళ్లీ క్లోరోస్కోప్ తెప్పించి చివరింట్లో పడితే లేత పసుపు వచ్చింది. ఆ ఇంటి అవ్వ మూతి విరిచి, "మందు వాసన కొడతాంది, పాతవే బాగుండె" అంది. ఆమెను కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వాసన పడకపోతే తాగే నీళ్లను వెడల్పు గిన్నెలో పట్టి, పలచని గుడ్డ కప్పి కాసేపు ఉంచమన్నాను. రెండోసారి ల్యాబు కాగితంలో ఈ.కోలి లేదని వచ్చింది. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. చిన్నాయన పద్యం మళ్లీ వినపడుతోంది, ఖాలా మనవడు చేపల నీళ్లు మార్చే ముందు రాత్రే బకెట్టులో పట్టి పెట్టుకుంటున్నాడు.

కాలువలో మునిగిన పైపులు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని కూడా పైకి లేపించడానికి ఇంటికింత అని వేసుకుంటున్నాం. మోటార్లు తీసేసిన ఇళ్లున్నాయి, తీయనివీ ఉన్నాయి. అద్దెకున్నవాళ్ల వాటా వాళ్ల ఇంటి ఓనర్ల దగ్గర వసూలు చేయాలి, ఒకాయన నంద్యాలలో ఉంటారు, ఫోను ఎత్తడం లేదు. వచ్చే ఆదివారం ఫిట్టర్ అన్నను, ఎదురింటి పిన్నిని వెంటబెట్టుకుని ఆయన ఇంటికే పోతున్నాను.